మద్దతు ఆగింది ఎవరికి?

2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు మద్దతు ముగించింది. మర్నాడు పొద్దున ఆ కంప్యూటర్లన్నీ ఎప్పట్లాగే ఆన్ అయ్యాయి. ఫైళ్లు తెరుచుకున్నాయి, ప్రింట్లు వచ్చాయి, ఆడిటర్ల ఆఫీసుల్లో జీఎస్టీ రిటర్నులు దాఖలయ్యాయి. ఏమీ కాలేదుగా, ఇంత హడావిడి దేనికని చాలామంది అనుకున్నారు. నిజానికి ఆగింది ఒక్కటే. నెలనెలా రెండో మంగళవారం విడుదలయ్యే భద్రతా అప్‌డేట్లు ఆ కంప్యూటర్లకు ఇక రావు.

అయితే ఆ అప్‌డేట్లు తయారవడం మాత్రం ఆగలేదు. పరిశ్రమల్లో, వైద్య పరికరాల్లో వాడేందుకు అమ్మే విండోస్ 10 ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021 అనే రకానికి 2032 జనవరి 13 దాకా మద్దతు ఉంది. కంపెనీలు డబ్బు కడితే మూడేళ్ల పొడిగింపు దొరుకుతుంది: ఒక్కో కంప్యూటరుకు మొదటి ఏడాది 61 డాలర్లు, ఆపైన ఏటా రెట్టింపు. ఇంట్లో వాడుకునేవాళ్లకు ఇచ్చిన పొడిగింపు ఒక్క ఏడాదే, 2026 అక్టోబరు 13 వరకు. అందుకు 30 డాలర్లు కట్టాలి, లేదా మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి మన సెట్టింగులను వాళ్ల క్లౌడ్‌లో దాచడానికి ఒప్పుకోవాలి, లేదా వాళ్ల రివార్డు పాయింట్లు వెయ్యి పోగేసుకుని ఉండాలి. ఐరోపా ఆర్థిక ప్రాంత దేశాల్లో వినియోగదారుల సంఘాలు గట్టిగా అడిగాక, అక్కడివాళ్లకు ఆ క్లౌడ్ షరతు తీసేసి ఉచితంగా ఇచ్చారు.

పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ల (ఓఎస్) మీద నడిచే చర్చలో ఎక్కువమంది గమనించని విషయం ఇదేనని నా అభిప్రాయం. మద్దతు ముగియడమంటే మరమ్మతు చేసేవాళ్లు లేకపోవడమని అనుకుంటాం. చాలా సందర్భాల్లో మరమ్మతు జరుగుతూనే ఉంటుంది. అది ఎవరికి అందాలన్నదే మారుతుంది. గత పాతికేళ్లలో వచ్చిన పెద్ద వివాదాలన్నిటినీ ఈ కోణంలో చూస్తే, పాత ఓఎస్ వాడటం తప్పా ఒప్పా అన్న ప్రశ్న పక్కకు పోయి, దాని బాధ్యత ఎవరిదన్న ప్రశ్న ముందుకొస్తుంది.

ముందు ఏది పాడవుతుంది

సాఫ్ట్‌వేర్ వాడేకొద్దీ అరిగిపోయే వస్తువు కాదు. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీ సీడీ అప్పటి కంప్యూటరులో ఇప్పుడు వేసినా అప్పట్లాగే నడుస్తుంది. దాని చుట్టూ ఉన్న లోకమే దాన్ని వదిలి వెళ్లిపోతుంది. ఆ వదిలిపోవడానికి ఒక వరుస ఉంది.

మొదటిది భద్రత. కొత్త విండోస్‌కు ప్యాచ్ వచ్చిన రోజునే దాన్ని అంతకుముందరి ఫైలుతో పక్కపక్కన పెట్టి, ఏ భాగం మారిందో వెతికేవాళ్లు ఉంటారు. పరిశోధకులూ ఉంటారు, దొంగలూ ఉంటారు. లోపం ఎక్కడుందో ఆ తేడాయే చెప్పేస్తుంది. అదే కోడు పాత విండోస్‌లోనూ ఉంటే, అక్కడ ఆ లోపాన్ని మూసే నాథుడు లేడు. అంటే కొత్తవాటికి చేసే ప్రతి మరమ్మతూ పాతవాటి మీద దాడికి దారి చూపుతుంది. మద్దతు పోయిన మొదటి నెలలో ప్రమాదం పెద్దగా పెరగదు. నెలలు గడిచేకొద్దీ పేరుకుంటుంది.

రెండోది బ్రౌజరు. క్రోమ్ 2016లో ఎక్స్‌పీని వదిలేసింది. ఫైర్‌ఫాక్స్ 2018 దాకా మోసింది. విండోస్ 7కు క్రోమ్ 109 ఆఖరిది. అది 2023 జనవరిలో వచ్చింది. మామూలు మనిషికి ఓఎస్ పాతబడిన సంగతి తెలిసేది ఇక్కడే. కంప్యూటరు బాగానే ఉంటుంది, సైట్లు మాత్రం ఒక్కొక్కటిగా తెరుచుకోవడం మానేస్తాయి.

మూడోది సర్టిఫికెట్లు. దీని గురించి తక్కువమంది మాట్లాడతారు గానీ నిశ్శబ్దంగా ఎక్కువ నష్టం చేసేది ఇదే. మనం ఒక బ్యాంకు సైటు తెరిచినప్పుడు అది నిజంగా ఆ బ్యాంకుదేనని నమ్మడానికి, కంప్యూటరు తనలో ముందే దాచుకున్న కొన్ని మూల సర్టిఫికెట్లను చూసుకుంటుంది. వాటికీ గడువు తేదీలుంటాయి. 2021 సెప్టెంబరు 30న డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే మూల సర్టిఫికెట్ గడువు తీరింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ కోట్లాది సైట్లకు ఉచితంగా ఇస్తున్న సర్టిఫికెట్లను పాత పరికరాలు దాని ఆధారంగానే నమ్ముతూ వచ్చాయి. అప్‌డేట్లు ఆగిన కంప్యూటర్లలో ఆ రోజు నుంచి సైట్లు తెరవబోతే హెచ్చరికలు మొదలయ్యాయి. 7.1.1 కన్నా పాత ఆండ్రాయిడ్ ఫోన్లకూ ఇదే గతి పట్టాల్సింది. అంతకు ముందు ఏడాది లెక్కల ప్రకారం వాడకంలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో అవి దాదాపు మూడోవంతు. అంతమందిని రోడ్డున పడేయలేక లెట్స్ ఎన్‌క్రిప్ట్ ప్రత్యేకంగా మరో ఏర్పాటు చేసి, 2024 దాకా నెట్టుకొచ్చింది. వాడేవాళ్లకు ఇదేమీ తెలియదు. సైటు రావడం లేదంటే నెట్ కనెక్షన్‌ను అనుమానిస్తారు, రూటరు ఆపి మళ్లీ వేస్తారు, కేబుల్‌వాడికి ఫోన్ చేస్తారు.

ఆ తర్వాత ప్రింటర్ల, స్కానర్ల డ్రైవర్లు, ట్యాలీ లాంటి ప్రోగ్రాముల కొత్త వెర్షన్లు. ఇవి అందరికీ అనుభవమే. 32 బిట్ల గడియారాలున్న సిస్టమ్‌లకు 2038 జనవరి 19న లెక్క నిండిపోతుందన్నది వీటన్నిటికన్నా దూరంలో ఉన్న గడువు. ఇవాళ నడుస్తున్న పారిశ్రామిక యంత్రాల్లో కొన్ని ఆ రోజును చూస్తాయి.

ఎక్స్‌పీ నేర్పిన పాఠం, తప్పుగా నేర్చుకున్న పాఠం

విండోస్ ఎక్స్‌పీ 2001 అక్టోబరు 25న వచ్చింది. మద్దతు 2014 ఏప్రిల్ 8న ఆగింది. అప్పటికి అది లేని ప్రభుత్వ ఆఫీసు ప్రపంచంలో ఉందా అన్నంతగా పాతుకుపోయింది. బ్రిటన్ ప్రభుత్వం మరో ఏడాది ప్యాచ్‌ల కోసం మైక్రోసాఫ్ట్‌కు 55 లక్షల పౌండ్లు కట్టింది. మరుసటి ఏడాది అమెరికా నౌకాదళం ఎక్స్‌పీకీ అదే తరం సాఫ్ట్‌వేర్లకూ కలిపి 90 లక్షల డాలర్ల పైచిలుకు ఒప్పందం చేసుకుంది. మరోవైపు, షాపుల బిల్లింగ్ కౌంటర్ల కోసం ఎక్స్‌పీ మీదే కట్టిన పీఓఎస్‌రెడీ 2009కు 2019 ఏప్రిల్ దాకా మద్దతు సాగింది. రిజిస్ట్రీలో ఒక్క చిన్న మార్పు చేస్తే మామూలు ఎక్స్‌పీ కూడా తాను బిల్లింగ్ మెషీన్నని చెప్పుకుని ఆ అప్‌డేట్లు తీసుకుంటుందని ఔత్సాహికులు కనిపెట్టారు. అవి ఎక్స్‌పీ కోసం పరీక్షించినవి కావని మైక్రోసాఫ్ట్ హెచ్చరించింది. ఆ హెచ్చరిక అబద్ధం కాదు. అయినా ఆ దారిన వెళ్లినవాళ్లకు ఐదేళ్లు అదనంగా గడిచాయి.

ఇక 2017 మే 12. వన్నాక్రై. ఒక్కో కంప్యూటరులో ఫైళ్లన్నిటికీ తాళం వేసి 300 డాలర్లు బిట్‌కాయిన్లలో అడిగిన ఆ పురుగు, కొద్ది రోజుల్లో 150 దేశాలకు పాకింది. ఇంగ్లండులో 236 ఆరోగ్య ట్రస్టుల్లో కనీసం 81 దెబ్బతిన్నాయి. రద్దయిన అపాయింట్‌మెంట్లు 19 వేల పైమాటేనని తర్వాత అంచనా వేశారు. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో కొన్ని కంప్యూటర్లకు తగిలింది. మర్నాడు చాలా పత్రికలు ఒకటే మాట రాశాయి: ఎక్స్‌పీ వాడటం వల్లే ఇదంతా.

తర్వాత లెక్కలు తేలాక బొమ్మ వేరుగా కనిపించింది. కాస్పర్‌స్కీ సంస్థ లెక్క ప్రకారం ఆ పురుగు సోకిన కంప్యూటర్లలో దాదాపు 98 శాతం విండోస్ 7వి. అప్పటికి విండోస్ 7 మద్దతులో ఉన్న ఓఎస్. ఆ లోపానికి ప్యాచ్ మార్చి 14నే విడుదలైంది, రెండు నెలల ముందు. వేసుకోలేదంతే. ఎక్స్‌పీ మీద ఆ పురుగు సరిగా పనిచేయక, చాలాసార్లు కంప్యూటరు నీలి తెర పడి ఆగిపోయేదని పరిశోధకులు పరీక్షించి చెప్పారు. ఇంగ్లండు ఆరోగ్య వ్యవస్థకు ప్యాచ్ వేసుకోమని మార్చిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి హెచ్చరికలు వెళ్లాయి. పైగా ఆ పురుగు చొరబడ్డ, ఫైళ్లు పంచుకునే 445వ పోర్టు బయటి ఇంటర్నెట్‌కు తెరిచి ఉండాల్సిన అవసరం ఏ ఆసుపత్రికీ, ఏ పోలీసు స్టేషనుకూ లేదు.

ఇందులో మరో ముక్క ఉంది. దాడి జరిగిన వెంటనే మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి కూడా ఆ ప్యాచ్‌ను ఉచితంగా విడుదల చేసింది. అంత వేగంగా ఎలా చేశారని ఆశ్చర్యపోయినవాళ్లు ఫైలు తెరిచి చూస్తే, దాని మీద డిజిటల్ సంతకం తేదీ అదే ఏడాది ఫిబ్రవరి. అంటే డబ్బు కట్టే ఖాతాదారుల కోసం అది మూడు నెలల ముందే తయారై ఉంది. మిగతావాళ్లకు అందడానికి ఆసుపత్రులు ఆగిపోవాల్సి వచ్చింది. రెండేళ్ల తర్వాత 2019 మేలో బ్లూకీప్ అనే మరో లోపం బయటపడినప్పుడు మైక్రోసాఫ్ట్ అంతదాకా ఆగలేదు. దాడి మొదలవకముందే ఎక్స్‌పీకీ, సర్వర్ 2003కీ ప్యాచ్ ఇచ్చేసింది. ఆ పని మెచ్చుకోదగ్గది. చేయగలరని కూడా దాంతో తేలిపోయింది.

వన్నాక్రై నుంచి పాత ఓఎస్ పారేయమన్న పాఠం ఒక్కటే నేర్చుకుంటే సగమే నేర్చుకున్నట్టు. తమ దగ్గర ఎన్ని కంప్యూటర్లున్నాయో, దేని మీద ఏముందో, ఎవరు చూసుకోవాలో రాసిపెట్టుకోని సంస్థ కొత్త ఓఎస్ కొన్నా అదే గతి.

యంత్రంతో ముడిపడిన ఓఎస్

ఇంట్లో కంప్యూటరు మార్చడం డబ్బుతో పని. ఆసుపత్రిలో స్కానర్ పక్కనున్న కంప్యూటరును మార్చడం అలా కాదు. ఎమ్ఆర్ఐ, సీటీ యంత్రాలు పదిహేనేళ్లు నడుస్తాయి. వాటిని నడిపే కంప్యూటరు ఆ యంత్రంలో భాగంగానే పరీక్షలై, ధ్రువీకరణ పొంది ఉంటుంది. ఆసుపత్రి ఐటీ మనిషి సొంతంగా ఓఎస్ మారిస్తే వారంటీ పోతుంది, ధ్రువీకరణా పోతుంది. కొలతలు సరిగా వస్తున్నాయని పూచీ ఇచ్చేవాడుండడు. వన్నాక్రై అప్పుడు ఇంగ్లండులో 1,220 రోగనిర్ధారణ యంత్రాలు దెబ్బతిన్నాయి. అక్కడున్న మొత్తంలో అవి ఒక్క శాతం. ఫ్యాక్టరీల్లో సీఎన్‌సీ యంత్రాలదీ ఇదే కథ. లక్షలు పోసి కొన్న లేత్ ఇంకా వెంట్రుకవాసి తేడా రాకుండా కోస్తుంటే, దాని కంట్రోలర్‌లో ఉన్నది పాత విండోస్ అని ఎవరు పారేస్తారు? పారేయాలని చెప్పే సలహాదారు ఆ యంత్రం ధర కూడా చెప్పాలి.

శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో రైళ్ల నియంత్రణ వ్యవస్థ 1998 నుంచి ఫ్లాపీ డిస్కులతో నడుస్తోంది. దాన్ని మార్చడానికి 2024లో 21 కోట్ల డాలర్ల పైచిలుకు కాంట్రాక్టు ఇచ్చారు. పారిస్ ఓర్లీ విమానాశ్రయంలో 2015 నవంబరులో పొగమంచు రోజున వాతావరణ సమాచారం పైలట్లకు అందించే కంప్యూటరు మొరాయిస్తే, అది విండోస్ 3.1 మీద నడుస్తోందని బయటపడింది. ఇలాంటి వార్తలు చదివి నవ్వుకోవడం తేలిక. అన్నేళ్లు నడిచిన వ్యవస్థను కట్టినవాళ్లకు గౌరవమే దక్కాలి. అక్కడి అసలు సమస్య మనుషులది. వాటిని బాగుచేయడం తెలిసినవాళ్లు రిటైరవుతున్నారు.

యంత్రంతో ముడిపడిన ఓఎస్‌ను ఎలా సర్దుబాటు చేయాలన్నదానికి మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. ఏటీఎంలు. ఎక్స్‌పీ మద్దతు ఆగి నాలుగేళ్లయినా చాలా ఏటీఎంలు దాని మీదే నడుస్తుంటే, రిజర్వు బ్యాంకు 2018 జూన్ 21న బ్యాంకులకు సర్క్యులర్ పంపింది. కేవలం మార్చండి అని చెప్పి ఊరుకోలేదు. ఆగస్టులోగా బయాస్‌కు పాస్‌వర్డ్ పెట్టాలి, యూఎస్‌బీ పోర్టులు మూసేయాలి. ఓఎస్ మార్పు సెప్టెంబరుకు పావు వంతు, డిసెంబరుకు సగం, 2019 మార్చికి ముప్పావు, జూన్‌కు మొత్తం. ముందే ఆమోదించిన ప్రోగ్రాములు తప్ప మరేదీ నడవకుండా కట్టడి చేసే ఏర్పాటు మార్చిలోగా ఉండాలి. పాత ఓఎస్ ఇంకొన్నాళ్లు ఉంటుందని ఒప్పుకుని, ఆ కొన్నాళ్లు దాన్ని ఎలా కాపాడాలో, ఎప్పటికి తీసేయాలో, ఎవరు జవాబుదారో ఒకే కాగితం మీద రాశారు. నేను చూసినంతలో ఈ విషయం మీద ఇంత ఆచరణాత్మకమైన ప్రభుత్వ పత్రాలు తక్కువ. ఏటీఎంలకు చేసిన ఈ పని ఆసుపత్రులకు ఎవరూ చేయలేదు.

బతికించుకునే దారులు

దారులు చాలానే ఉన్నాయి. అన్నీ సమానం కావు.

డబ్బు కట్టి పొడిగించుకోవడం సూటిదారి. కానీ ధర ఏటా రెట్టింపు చేయడంలోనే వాళ్ల ఉద్దేశం తెలుస్తోంది: వెళ్లిపొమ్మని చెప్పడం. బయటివాళ్ల ప్యాచ్‌లు మరో దారి. స్లొవేనియాకు చెందిన ఏక్రాస్ సెక్యూరిటీ అనే చిన్న సంస్థ జీరోప్యాచ్ పేరుతో, మూల కోడు చేతిలో లేకుండానే, నడుస్తున్న ప్రోగ్రాములోని లోపాన్ని మెమరీలోనే సరిచేసే చిన్న చిన్న ముక్కలు తయారుచేస్తుంది. విండోస్ 7కు అలా చేసింది, విండోస్ 10కు కనీసం ఐదేళ్లు చేస్తామని ప్రకటించింది. వాళ్ల నైపుణ్యం గొప్పది. అయితే అన్ని లోపాలకూ ప్యాచ్ చేయరు, ప్రమాదకరమైనవి ఎంచుకుంటారు. అది తెలిసి వాడితే మంచిదే.

నెట్‌వర్కు నుంచి విడదీయడం అన్నిటికన్నా పాత, నమ్మకమైన పద్ధతి. కేబుల్ పీకేసిన కంప్యూటరుకు ఇంటర్నెట్ పురుగు రాదు. పెన్‌డ్రైవ్ ద్వారా మాత్రం వస్తుంది. ఇరాన్ అణు కేంద్రాన్ని దెబ్బతీసిన స్టక్స్‌నెట్ 2010లో బయటపడినప్పుడు లోకానికి తెలిసింది ఆ సంగతే. కాబట్టి విడదీశాం అని చెప్పే చోట పెన్‌డ్రైవ్‌లు ఎలా వస్తున్నాయో, పోతున్నాయో కూడా చూడాలి. దీనికి కొనసాగింపుగా పాత ఓఎస్ మొత్తాన్ని కొత్త కంప్యూటరులో వర్చువల్ మెషీన్‌గా పెట్టుకోవచ్చు. హార్డ్‌వేర్ పాడవుతుందన్న బెంగ తీరుతుంది. కాపీ తీసి దాచుకోవచ్చు. ప్రత్యేక కార్డులు, పాత సీరియల్ పోర్టులు అవసరమయ్యే యంత్రాల దగ్గర మాత్రం ఇది కుదరకపోవచ్చు.

ఆఖరి దారి, నా మనసుకు దగ్గరైనది, వాడేవాళ్లే ఆ ఓఎస్‌ను తమ చేతుల్లోకి తీసుకోవడం. 1994లో మైక్రోసాఫ్ట్ డాస్‌ను వదిలేస్తుందని తెలిసి జిమ్ హాల్ అనే ఫిజిక్స్ విద్యార్థి ఉచిత డాస్ రాద్దామని పిలుపిచ్చాడు. ఆ ఫ్రీడాస్ ముప్పై ఏళ్లు దాటినా బతికే ఉంది, 2025లోనూ కొత్త వెర్షన్ వచ్చింది. బీఓఎస్ తయారుచేసిన కంపెనీ 2001లో అమ్ముడైపోతే దాని అభిమానులు హైకూ ఓఎస్‌ను మొదటినుంచి రాసుకుంటూ వచ్చారు; తొలి బీటా రావడానికి 2018 అయింది. విండోస్‌నే మళ్లీ రాసే రియాక్ట్‌ఓఎస్ పాతికేళ్లు దాటినా ఇంకా ఆల్ఫా దశ దాటలేదు. ఐబీఎం వదిలేసిన ఓఎస్/2 మాత్రం లైసెన్సు తీసుకున్న చిన్న కంపెనీ చేతిలో ఆర్కాఓఎస్‌గా 2017 నుంచి అమ్ముడవుతోంది. 1977లో పుట్టిన వీఎమ్ఎస్‌ను హెచ్‌పీ వదిలేయబోతే, వీఎస్ఐ అనే సంస్థ 2014లో లైసెన్సు తీసుకుని 2022లో మామూలు ఎక్స్86 కంప్యూటర్ల మీదికి తెచ్చింది. వీటన్నిటినీ పక్కపక్కన పెడితే తేడా కళ్లకు కడుతుంది. మూల కోడో లైసెన్సో చేతికొచ్చిన చోట కొద్దిమందే ఏళ్ల తరబడి నిలబెట్టారు. అవేవీ లేని చోట ఏళ్లకేళ్లు పట్టింది.

మూల కోడు విలువకు గట్టి రుజువు సర్వర్లలో వాడే లినక్స్ రకం సెంట్‌ఓఎస్. 2029 దాకా వస్తుందనుకున్న సెంట్‌ఓఎస్ 8ను 2021 చివరికే ఆపేస్తామని 2020 డిసెంబరులో రెడ్‌హ్యాట్ ప్రకటించింది. ప్రపంచవ్యాప్తంగా సర్వర్లు నడిపేవాళ్లకు అది నమ్మకద్రోహంలా తగిలింది. కానీ నెలల్లోనే ఆల్మాలినక్స్, రాకీలినక్స్ పుట్టుకొచ్చాయి, పని ఆగలేదు. ఎవరైనా ఎత్తుకోగలిగేలా కోడు బయటే ఉంది కాబట్టి అది సాధ్యమైంది. అలాగని లినక్స్ లోకంలో అన్నీ శాశ్వతమని కాదు. కెర్నెల్ దీర్ఘకాలిక వెర్షన్లకు ఆరేళ్లిచ్చే మద్దతును రెండేళ్లకు తగ్గిస్తామని 2023లో చెప్పారు; మోసేవాళ్లు అలిసిపోయారని కారణం చూపారు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కు 32 బిట్ పీసీల ఇన్‌స్టాలరే లేదు. ఉచితంగా వచ్చేదాని వెనకా ఎవరో ఒకరి శ్రమ ఉంటుంది.

మన ఊళ్లలో విండోస్ 10

విండోస్ 11 రావాలంటే కంప్యూటరులో టీపీఎమ్ 2.0 చిప్ ఉండాలి, ప్రాసెసరు ఇంటెల్ అయితే ఇంచుమించు ఎనిమిదో తరం నుంచి ఉండాలి. అంటే 2017కు ముందు కొన్న పీసీలు చాలావరకు బయటికి పోతాయి. ఈ నిబంధన వల్ల దాదాపు 24 కోట్ల పీసీలు పనికిరానివిగా మిగిలిపోవచ్చని కెనాలిస్ సంస్థ 2023 చివర్లో అంచనా వేసింది. వాటిలో చాలావాటికి ఎస్ఎస్‌డీ వేసి, ర్యామ్ పెంచితే మరో ఐదారేళ్లు హాయిగా నడుస్తాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కంప్యూటర్ షాపులవాళ్లను అడిగితే ఈ మాట ఏ నిపుణుడికన్నా బాగా చెబుతారు.

మన దగ్గర ఇంకో సంగతుంది. ఓఎస్ వేయించడమంటే చాలా ఊళ్లలో షాపుకు తీసుకెళ్లి ఫార్మాట్ కొట్టించడమే. అక్కడ వేసేది క్రాక్ చేసిన విండోస్. అప్‌డేట్లు వస్తే యాక్టివేషన్ పోతుందని అవి రాకుండా ముందే ఆపేసి ఇస్తారు. లైసెన్సు ధర ఆ పీసీ ధరలో పెద్ద భాగమైనప్పుడు మనుషులు ఇలాగే చేస్తారు. కాబట్టి ఆ కంప్యూటర్ల విషయంలో మద్దతు 2025లో ఆగలేదు, అసలెప్పుడూ లేదు. వేగంగా నడుస్తుందని విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండరు కూడా తీసేసిన లైట్ వెర్షన్లు వాడేవాళ్ల పరిస్థితి ఇంకా అన్యాయం: ఆ ఐఎస్ఓ ఫైలులో ఎవరు ఏం కలిపారో చెప్పగలిగేవాళ్లు లేరు. నా దృష్టిలో ఎవరూ ముట్టుకోని అసలు విండోస్ 7 కన్నా, ఎవరో సవరించిన విండోస్ 11 ప్రమాదకరం.

ఇంట్లో విండోస్ 10 ఉన్నవాళ్లు ఇప్పుడు చేయగలిగింది చెబుతాను. పొడిగింపు దొరికితే తీసుకోండి. అది అయిపోయాక పిల్లల చదువుకు, వీడియోలకు, రాతకోతలకు లినక్స్ మింట్ గానీ ఉబుంటు గానీ వేసుకోండి. ఉబుంటు ప్రో కింద ఐదు కంప్యూటర్ల దాకా వ్యక్తిగత వాడకానికి పదేళ్ల అప్‌డేట్లు ఉచితం. కేరళ ప్రభుత్వ బడులు ఏళ్ల తరబడి లినక్స్ మీదే పాఠాలు చెబుతున్నాయి. తెలుగులో మెనూలతో సహా ఓఎస్ తెచ్చేందుకు హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు ఇరవై ఏళ్లుగా పడ్డ కష్టం మన బడుల్లోకి రావాల్సినంత రాలేదు. అది మన ప్రభుత్వాల లోపమే. ఇక అప్‌డేట్లు రాని కంప్యూటరులో బ్యాంకు లావాదేవీలు మాత్రం చేయొద్దు. ఈ ఒక్కదాంట్లో నాకు రెండో అభిప్రాయం లేదు.

చట్టం ఎక్కడుంది

ఐరోపా సమాఖ్య 2024లో సైబర్ రెసిలియన్స్ చట్టం తెచ్చింది. దాని ప్రధాన నిబంధనలు 2027 డిసెంబరు 11 నుంచి అమలవుతాయి. సాఫ్ట్‌వేర్ ఉన్న వస్తువు అమ్మితే సాధారణంగా కనీసం ఐదేళ్లు భద్రతా అప్‌డేట్లు ఇవ్వాలి, ఎప్పటిదాకా ఇస్తారో కొనేటప్పుడే చెప్పాలి. ఇది మంచి మొదలే గానీ, పదిహేనేళ్లు నడిచే స్కానరుకు ఐదేళ్లు ఏ మూలకు? మన దేశంలో మరమ్మతు హక్కు పేరుతో 2022 చివర్లో వినియోగదారుల శాఖ ఒక పోర్టల్ తెరిచింది. స్పేర్ పార్టులు, సర్వీసు సెంటర్ల దగ్గరే అది ఆగింది. సాఫ్ట్‌వేర్ దాకా రాలేదు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. డబ్బు కట్టేవాళ్ల కోసం తయారుచేసిన భద్రతా ప్యాచ్, ఆరు నెలలో ఏడాదో ఆలస్యంగానైనా, అదే ఓఎస్ కొన్న అందరికీ అందాలి. కంపెనీ దాన్ని చేయడం పూర్తిగా మానేసిన రోజున మూల కోడు బయట పెట్టాలి. మొదటిదానికి అదనపు ఖర్చు దాదాపు లేదు. బ్లూకీప్ అప్పుడు చేసి చూపించారు. రెండోదానికి కంపెనీలు వ్యాపార రహస్యాలని అడ్డు చెబుతాయి. వాళ్ల భయం పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు, ఎందుకంటే పాత కోడులో చాలా భాగం కొత్తదాంట్లోనూ ఉంటుంది. కానీ పాత కోడు ఇంకా అంత విలువైనదైతే, దాన్ని నమ్ముకున్నవాళ్లను వదిలేసే హక్కు కూడా అంత తేలిగ్గా ఉండకూడదు.

తెలుగు ప్రెస్సులో ఎక్స్‌పీ

పాత ఓఎస్ తెలుగువాళ్లను అన్నిటికన్నా గట్టిగా పట్టుకున్న చోటు డీటీపీ. విజయవాడలోనైనా హైదరాబాదులోనైనా పాత డీటీపీ సెంటరుకు వెళితే, మూల ఒక కంప్యూటరు కనబడుతుంది. ఎక్స్‌పీ గానీ, 32 బిట్ విండోస్ 7 గానీ. అందులో పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు టైపు చేసే అను స్క్రిప్ట్ మేనేజర్. ఆపరేటరు వేళ్లు అను కీబోర్డు మీద చూడకుండా పరుగెడతాయి. పెళ్లి శుభలేఖలు, గైడ్లు, కవితా సంపుటాలు, పార్టీ కరపత్రాలు, ఇరవై పాతికేళ్ల తెలుగు అచ్చు అక్కడే కంపోజ్ అయింది.

అడోబీ పేజ్‌మేకర్ 7.0ను 2001లో తెచ్చి, అదే ఆఖరిదని ఆపేసింది. అను ఫాంట్లు యూనికోడ్‌కు ముందరి పద్ధతివి. ఇంగ్లిషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన గళ్లలోనే తెలుగు అక్షరాల ముక్కలు కూర్చారు: ఒక గడిలో తలకట్టు, ఒక గడిలో గుడి, మరోదాంట్లో వత్తు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఫైలు తెరిస్తే పిచ్చి గీతలు, చుక్కలు పెట్టిన లాటిన్ అక్షరాలు. 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రాములను నడపదు, లైసెన్సు కోసం తగిలించే పాత డాంగిల్ డ్రైవర్లనూ ఒప్పుకోదు. కాబట్టి ఓఎస్ మారిస్తే ఒక్క ప్రోగ్రామే పోదు. దాని మీద చేసిన పుస్తకాలన్నీ చదవరాకుండా పోతాయి. మలి ముద్రణ వేయాలన్నా, ఈబుక్ చేయాలన్నా ఆ మూల కంప్యూటరే దిక్కు. ఎక్స్‌పీలోనే గౌతమి ఫాంటుతో యూనికోడ్ తెలుగు వచ్చింది. అంటే దాటడానికి వంతెన అక్కడే ఉంది. కానీ అచ్చుకు పనికొచ్చే అందమైన యూనికోడ్ ఫాంట్లు రావడానికీ, పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్లు మన వత్తులను సరిగా పేర్చడానికీ మరో పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లూ డీటీపీవాళ్లు పాతదాన్ని పట్టుకుని ఉన్నారంటే అది వాళ్ల వెనకబాటు కాదు. పుస్తకం సమయానికి ఇవ్వాల్సినవాళ్లు పనిచేసేదాన్నే నమ్ముకుంటారు.

ఇప్పుడు ఆ కంప్యూటర్లలో హార్డ్ డిస్కులు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి. ఓఎస్‌కు మద్దతు ఆగి పదేళ్లు దాటిన చోట అసలు గడువు డిస్కుది. ప్రచురణకర్తలు ముందు చేయాల్సింది ఆ డిస్కును పూర్తిగా ఇమేజ్ తీసి రెండు చోట్ల దాచడం, ఇన్‌స్టలేషన్ సీడీలు, సీరియల్ నంబర్లు, డాంగిల్ జాగ్రత్త చేయడం. తర్వాత ఎక్స్‌పీని నెట్‌వర్కు లేని వర్చువల్ మెషీన్‌గా పెట్టి, ప్రతి పుస్తకాన్నీ పీడీఎఫ్‌గా తీసుకోవాలి. కనీసం రూపమైనా మిగులుతుంది. ఆపైన మాటరు బయటికి తీసి యూనికోడ్‌లోకి మార్చాలి. కన్వర్టర్లు ఉన్నాయి, మార్చేస్తాయి. కానీ పేజ్‌మేకర్‌లో అక్షరాల మధ్య ఆపరేటరు చేత్తో సర్దిన ఖాళీలు, ఒక్కో అను వెర్షన్‌కు మారే గళ్లు, వరుస చివర విరిచిన మాటలు వాటిని తికమక పెడతాయి. క్రావడి (ర వత్తు) జారిపోయి ముందు అక్షరానికి అంటుకుంటుంది, అరసున్న ఎగిరిపోతుంది. అందుకని మార్చిన ప్రతి పుటనూ పాత అచ్చు పక్కన పెట్టుకుని, తెలుగు బాగా వచ్చిన ప్రూఫ్ రీడరు ఒకరు కూర్చుని చదవాలి. అకాడమీలు, విశ్వవిద్యాలయాల ప్రచురణ విభాగాలు కొత్త పీసీలకు బడ్జెట్ రాస్తున్న ఈ ఏడాదే, ఆ చదివేవాళ్ల జీతానికి కూడా ఒక పద్దు రాయాలి.